అరిజోనాలో చేసిన పిస్టల్‌ని కాలిఫోర్నియాలో అమ్మాలంటే, అక్కడ ఉండి కొనాలంటే

మీరు రాసింది క్లుప్తంగా ఇది. ఫీనిక్స్ దగ్గర మీకూ ఇద్దరు భాగస్వాములకూ సీఎన్‌సీ మెషిన్ షాపు ఉంది. ఇన్నాళ్ళూ విమానాల పార్టులు చేశారు. ఇప్పుడు ఫెడరల్ తయారీ లైసెన్స్ తీసుకుని సొంతంగా ఒక 9 ఎంఎం పిస్టల్ డిజైన్ చేశారు, రెండు నమూనాలు కూడా తయారయ్యాయి. కాలిఫోర్నియా, మసాచుసెట్స్, మేరీల్యాండ్ రాష్ట్రాల్లో అమ్మాలంటే ఏం చేయాలన్నది మీ ప్రశ్న. దాంతోపాటు డ్రాయింగులు హైదరాబాద్‌లో మీ స్నేహితుడి డిజైన్ ఆఫీసులో గీయిస్తున్నామనీ, శాన్ హోసేలో హెచ్‌1బీ మీద ఉన్న మీ బావమరిదికి మొదటి పిస్టల్ కానుకగా ఇవ్వాలని ఉందనీ, వచ్చే నెల వాళ్ళు వచ్చినప్పుడు ఎడారికి తీసుకెళ్ళి అతనితో కాల్పిస్తామనీ రాశారు.

నేను పద్నాలుగేళ్ళు చేతి తుపాకులు తయారుచేసే ఒక కంపెనీలో ఇంజనీరుగా ఉన్నాను. అందులో చివరి తొమ్మిదేళ్ళు మా మోడళ్ళను ఏ రాష్ట్రంలో అమ్మొచ్చో, ఎక్కడ అమ్మకూడదో చూసి కాగితాలు నడపడమే నా పని. లాయర్ని కాను, సంతకం పెట్టే ముందు లాయర్‌కి చూపించండి. మీరు అడిగిన వరసలో కాకుండా వెనక నుంచి మొదలుపెడతాను. మాటవరసకి చివర్లో రాసిన ఆ రెండు విషయాలే మిమ్మల్ని అన్నిటికన్నా ముందు ముంచగలవు.

మొదట మీ బావమరిది సంగతి. అతని చేతికి ఆ పిస్టల్ ఇవ్వకండి. ఎడారిలో ఒక్క తూటా కాల్చడానికి కూడా ఇవ్వకండి. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హెచ్‌1బీ, హెచ్‌4, ఎఫ్‌1, ఎల్‌1 అన్నీ దీని కిందికే వస్తాయి. దగ్గర ఉంచుకోవడం అంటే సొంతంగా కొనుక్కోవడం ఒక్కటే కాదు. షూటింగ్ రేంజిలో అద్దెకు తీసుకుని అరగంట పట్టుకున్నా అదే లెక్క. చదువు వీసా హోదా పోయిన ఒక విదేశీ విద్యార్థి ఫ్లోరిడాలో రేంజికి వెళ్ళి కాల్చినందుకు పెట్టిన కేసు 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తన హోదా అలాంటిదని అతనికి తెలుసని కూడా ప్రభుత్వమే రుజువు చేయాలని కోర్టు చెప్పింది. హెచ్‌1బీ మీద ఉన్న మనిషి తన హోదా తనకు తెలియదని ఎలా అంటాడు? ఐ-140 (కంపెనీ పెట్టే గ్రీన్ కార్డు పిటిషన్) అప్రూవ్ అయిందని మీరు రాశారు, దానివల్ల ఈ విషయంలో ఏమీ మారదు.

ఇచ్చినవాళ్ళ మీద కూడా నేరమే. తెలిసి ఇచ్చారు కాబట్టి మీ మీదా కేసు పడుతుంది. 2022లో చట్టం మార్చాక రెండువైపులా గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు. మీ లైసెన్స్ పోతుంది. అతనికి తుపాకీ నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపించెయ్యడానికి అదొక్కటే కారణం చాలు. పదేళ్ళు క్యూలో నిలబడినవాడి గ్రీన్ కార్డు ఒక మధ్యాహ్నం సరదాకి పోకూడదు.

ఒక మినహాయింపు ఉంది, దాచడం సరికాదు కాబట్టి చెబుతున్నాను. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ చెల్లుబాటులో ఉంటే ఆ నిషేధం వర్తించదు. కాలిఫోర్నియాలో అది తీసుకోవాలంటే వేట భద్రత కోర్సు చదివి పాస్ కావాలి. కానీ ఆ లైసెన్స్ గడువు ముగిసిన మర్నాటి నుంచి, ఇంట్లో ఉన్న తుపాకీ మళ్ళీ నేరమే. రెన్యువల్ మరిచిపోవడం ఎంత తేలికో అందరికీ తెలుసు. నా మాట అడిగితే, గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగమంటాను. ఆగలేనంటే, ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడి, ఆ తర్వాతే వేట కోర్సుకి వెళ్ళమనండి. గ్రీన్ కార్డు ఉన్న స్నేహితుడి పేరు మీద కొని అతనికి ఇవ్వడం లాంటి ఆలోచన ఎవరైనా చెబితే అక్కడే ఆపండి. డీలర్ దగ్గర కొనేటప్పుడు నింపే ఫారం 4473లో అసలు కొనేది మీరేనా అని అడుగుతారు. అక్కడ అబద్ధం రాయడం ఒక నేరం, ఇంకొకరి కోసం కొనడం వేరే నేరం.

ఇదే కోణంలో మీ షాపులో ఒకసారి చుట్టూ చూడండి. ఓపీటీ (చదువయ్యాక పనిచేసుకునే అనుమతి) మీద ఉన్న కుర్రాళ్ళో, హెచ్‌1బీ ఇంజనీర్లో ఎవరైనా ఉన్నారా? ఉద్యోగంలో భాగంగా పట్టుకున్నా నిషేధం నిషేధమే. ఫెడరల్ చట్టం దృష్టిలో ఫ్రేమ్, అంటే పిడీ ట్రిగ్గరూ ఉండే కింది భాగం, ఒక్కటే పూర్తి తుపాకీతో సమానం. పైన ముందుకూ వెనక్కూ కదిలే స్లైడ్, బారెల్ విడిగా ఉంటే తుపాకీ కాదు. అందుకని ఫ్రేములు చేసే మెషిన్ దగ్గరా, అసెంబ్లీ బల్ల దగ్గరా, టెస్ట్ ఫైరింగ్ దగ్గరా వాళ్ళు ఉండకుండా చూసుకోండి. ఫ్రేములు పెట్టే గదికి వేరే తాళం పెట్టండి, ఆ తాళం ఎవరి దగ్గర ఉంటుందో కాగితం మీద రాసి ఉంచండి.

రెండో విషయం హైదరాబాద్ డ్రాయింగులు. వాటిని ఈరోజే ఆపండి. 2020 మార్చి 9 నుంచి మామూలు పిస్టళ్ళ ఎగుమతి నియంత్రణ విదేశాంగ శాఖ నుంచి వాణిజ్య శాఖకు మారింది. మీలాంటి చిన్న తయారీదారుకి దానివల్ల ఒక పెద్ద రిజిస్ట్రేషన్ ఫీజు తప్పింది కూడా. కానీ నియంత్రణ పోలేదు. పిస్టల్ తయారీకి కావలసిన సాంకేతిక సమాచారం దేశం దాటితే అది ఎగుమతి. ఈమెయిల్‌లో పంపిన క్యాడ్ ఫైలూ అంతే, క్లౌడ్ ఫోల్డర్‌లో పెట్టి అక్కడివాళ్ళకి పాస్‌వర్డ్ ఇచ్చినా అంతే. దానికి ముందుగా లైసెన్స్ తీసుకోవాలి. ఇక్కడ మీ షాపులోనే పనిచేసే, గ్రీన్ కార్డు లేని భారత పౌరుడికి ఆ డ్రాయింగ్ చూపించడం కూడా ఎగుమతి కిందికే రావచ్చు. విమానాల పార్టులకి డ్రాయింగులు అలా గీయించి అలవాటైపోయింది కాబట్టి మీకు తట్టి ఉండదు, అర్థం చేసుకోగలను. ఇప్పటిదాకా వెళ్ళినవాటి గురించి ఎగుమతి చట్టాలు తెలిసిన లాయర్‌ని పట్టుకోండి. తనంతట తానే ముందుకొచ్చి చెప్పుకున్నవాళ్ళ పట్ల వాణిజ్య శాఖ మెత్తగా ఉండే పద్ధతి ఒకటి ఉంది. ఫైళ్ళు మాత్రం చెరిపెయ్యకండి. చెరిపితే తప్పు కప్పిపుచ్చినట్టు కనిపిస్తుంది.

ఇక అసలు ప్రశ్న.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఫెడరల్ లైసెన్స్ ఉండి, సీరియల్ నంబరు సరిగ్గా చెక్కి, డీలర్ ద్వారా అమ్మితే సరిపోతుంది. మీ అరిజోనా అలాంటిదే, టెక్సస్, జార్జియా కూడా. కాలిఫోర్నియా, మసాచుసెట్స్, మేరీల్యాండ్ మాత్రం మనిషితోపాటు తుపాకీకి కూడా అనుమతి అడుగుతాయి. ఆమోదించిన మోడళ్ళ జాబితా ఒకటి ఉంటుంది, దాన్నే రోస్టర్ అంటారు. మీ మోడల్ అందులో లేకపోతే అక్కడి డీలర్ కొత్త పిస్టల్‌గా అమ్మలేడు. మూడు జాబితాలూ మూడు రకాల బుర్రల్లోంచి పుట్టినవి. ఒకటి పాసయితే మిగతావి వస్తాయనుకోవద్దు.

కాలిఫోర్నియా జాబితా 1999లో చేసిన చట్టం నుంచి వచ్చింది, 2001 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అప్పట్లో వీధుల్లో దొరికే చవకబారు పిస్టళ్ళు కింద పడితే పేలేవి. వాటిని ఆపడమే ఉద్దేశం. అందుకే మొదట్లో పరీక్షలు రెండే: పడేసి చూడటం, కాల్చి చూడటం. ఆ రెండూ ఇప్పటికీ ఉన్నాయి, పైన మరికొన్ని చేరాయి.

పరీక్షలు మీరు చేసుకుంటే చెల్లవు. రాష్ట్ర న్యాయశాఖ గుర్తించిన ల్యాబ్‌లోనే చేయించాలి. ఒకే మోడల్‌వి మూడు పిస్టళ్ళు ఇవ్వాలి. దుకాణంలో అమ్మబోయేవి ఎలా ఉంటాయో అవీ అచ్చం అలాగే ఉండాలి. పరీక్ష కోసం ప్రత్యేకంగా సానపట్టి, నునుపు చేసి పంపడం కుదరదు. ప్రైమర్ (దెబ్బ తగిలితే రగిలే చిన్న మూత) మాత్రమే ఉన్న ఖాళీ తూటా తొడుగుని ఛాంబర్‌లో, అంటే తూటా కూర్చునే గదిలో పెట్టి, ఒక మీటరు పైన మరో సెంటీమీటరు ఎత్తు నుంచి కాంక్రీటు పలక మీదికి ఆరు భంగిమల్లో వదులుతారు. మామూలుగా పట్టుకున్న తీరులో ఒకసారి, తలకిందులుగా ఒకసారి, పిడి మీద, మూతి మీద, పక్కకి, చివరగా వెనక భాగం మీద. మూడింటిలో ఏ ఒక్కదాని ప్రైమర్ పేలినా ఫెయిల్. మీరు చేసింది స్ట్రైకర్ రకం (బయట సుత్తి లేకుండా లోపలి స్ప్రింగు పిన్నే ప్రైమర్‌ని కొట్టేది) కాబట్టి వెనక భాగం మీద, మూతి మీద పడేటప్పుడే జాగ్రత్త. స్ట్రైకర్‌ని అడ్డుకునే చిన్న ప్లంజర్ స్ప్రింగ్ ఎంత గట్టిగా ఉందో ఇప్పుడే కొలిచి పెట్టుకోండి.

కాల్చే పరీక్షలో ఒక్కొక్క పిస్టల్‌తో 600 తూటాలు, మొత్తం 1,800. ప్రతి 50 తూటాలకీ కాసేపు ఆపి చల్లారనిస్తారు. మొదటి 20 తూటాలకి ఒక్క ఇబ్బంది కూడా రాకూడదు. మొత్తం 600లో తూటా లోపం కానివి ఆరు దాటకూడదు. పగుళ్ళు రాకూడదు. ఇబ్బంది అంటే తూటా ఇరుక్కోవడం ఒక్కటే అనుకునేవాళ్ళు చాలామంది. మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) ఖాళీ అయ్యాక స్లైడ్ వెనక్కి నిలబడకపోయినా, మ్యాగజైన్ లోపలికి పోకపోయినా, బయటికి రాకపోయినా ఇబ్బంది కిందే లెక్క. కొత్త తయారీదారులు ఫ్రేముకీ స్లైడుకీ ప్రాణం పెట్టి, మ్యాగజైన్ బయట ఎక్కడో కొంటారు. పరీక్షలో తగిలేది అక్కడే. ఇంకో మాట: మీ యూజర్ మాన్యువల్‌లో ఫలానా తూటాలు వాడమని రాస్తే ల్యాబ్‌లో వాటితోనే కాలుస్తారు. రాయకపోతే మార్కెట్లో దొరికే మామూలు తూటాలేవైనా వాడొచ్చు. అందుకే ముందు మాన్యువల్ రాయండి, తర్వాత ల్యాబ్‌కి పంపండి.

దీనిపైన వచ్చినవి మూడు. పిస్టల్‌లో తూటా ఉందో లేదో చూపించే గుర్తు ఒకటి, మ్యాగజైన్ తీసేస్తే ఇక పేలకుండా చేసే ఏర్పాటు ఒకటి. 2006 నుంచి వీటిలో ఒకటి, 2007 నుంచి రెండూ ఉండాలన్నారు. తూటా గుర్తు అంటే స్లైడ్ మీద చిన్న చిల్లు పెట్టి చూసుకోమంటే ఒప్పుకోరు. ఆ తుపాకీ ఎప్పుడూ పట్టుకోని మామూలు మనిషికి కూడా, మాన్యువల్ చదవకుండానే లోపల తూటా ఉందని చూడగానే అర్థం కావాలి. దానికి రాతో బొమ్మో ఉండాలి, రంగు తేడా ఉండాలి.

మూడోది మైక్రోస్టాంపింగ్. పిస్టల్ పేలినప్పుడు ఫైరింగ్ పిన్ మీద చెక్కిన గుర్తు తూటా తొడుగు మీద అచ్చు పడాలి, దాన్నిబట్టి ఏ పిస్టలో తెలియాలి. 2007లో చట్టం చేశారు. 2013 మే 17న, పేటెంట్ల అడ్డు తొలగిందని రాష్ట్రం ప్రకటించాక అది అమల్లోకి వచ్చింది. ఏ కంపెనీ కూడా ఆ సాంకేతికతతో పిస్టల్ తీసుకురాలేదు. 2014 జనవరిలో స్మిత్ అండ్ వెస్సన్, రూగర్ కంపెనీలు కొత్త పిస్టళ్ళు ఇక కాలిఫోర్నియాకి ఇవ్వలేమని బహిరంగంగా చెప్పాయి. దాదాపు పదేళ్ళు జాబితాలోకి కొత్త తరహా పిస్టల్ ఒక్కటీ ఎక్కలేదు. మిగతా దేశమంతా గ్లాక్ కంపెనీ ఐదో తరం పిస్టల్ కొంటుంటే కాలిఫోర్నియా దుకాణాల్లో మూడో తరమే కనిపించింది, కారణం ఈ మూడు షరతులే. నేను ఈ పనిలో ఎక్కువకాలం గడిపింది ఆ పదేళ్ళలోనే. మెరుగైన, మరింత భద్రమైన డిజైన్ మా చేతిలో ఉండి కూడా అక్కడి డీలర్లకి పాతదే పంపించాల్సి రావడం చాలా బాధగా ఉండేది.

2022లో తుపాకీ హక్కుల మీద సుప్రీంకోర్టు బ్రూయన్ తీర్పు వచ్చాక పరిస్థితి కదిలింది. 2023 మార్చిలో కాలిఫోర్నియాలోని ఇద్దరు ఫెడరల్ జడ్జీలు, బోలాండ్, రెన్నా అనే రెండు కేసుల్లో కొద్ది రోజుల తేడాతో ఈ అదనపు షరతులను ఆపారు. రాష్ట్రం అప్పీలుకు వెళ్ళి తూటా గుర్తు, మ్యాగజైన్ ఏర్పాటు షరతులను నిలబెట్టుకుంది, మైక్రోస్టాంపింగ్ విషయంలో మాత్రం స్టే కోరలేదు. అప్పటి నుంచి ఆ రెండు ఏర్పాట్లూ ఉన్న కొత్త పిస్టళ్ళు జాబితాలోకి రావడం మొదలైంది. అదే ఏడాది రాష్ట్రం ఇంకో చట్టం చేసి మైక్రోస్టాంపింగ్‌కి 2028 జనవరి 1 అనే కొత్త తేదీ పెట్టింది. అందుకే మీకు నా సలహా: ఆ రెండు ఏర్పాట్లూ ఇప్పుడే డ్రాయింగులో పెట్టండి, ఫైరింగ్ పిన్ కొసని తర్వాత మార్చుకోవడానికి వీలుగా డిజైన్ చేయండి. కోర్టు కొట్టేస్తుందిలే అని డిజైన్ చేసినవాళ్ళను చూశాను, వాళ్ళు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు.

ఇంకొకటి కూడా గమనించండి. 2025 అక్టోబరులో సంతకమైన ఒక కాలిఫోర్నియా చట్టం ప్రకారం, చిన్న పరికరం తగిలించి ఆటోమేటిక్‌గా మార్చడానికి వీలయ్యే ఒక రకం ట్రిగ్గర్ నిర్మాణం ఉన్న పిస్టళ్ళను 2026 జూలై 1 నుంచి డీలర్లు అమ్మకూడదు. గ్లాక్ తరహాలో శిలువ ఆకారంలో ఉండే క్రూసిఫార్మ్ ట్రిగ్గర్ బార్‌ను ఉద్దేశించింది అది. మీ ట్రిగ్గర్ బార్ ఆ నమూనాలో ఉందని మీ ఫోటోలో చూసినట్టు అనిపించింది. అదే అయితే జాబితా సంగతి తర్వాత, ముందు ఆ భాగం మార్చుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువగా మీకు చెప్పదలచుకున్నది ఇది. జాబితాలో ఎక్కేది మీ పిస్టల్ కాదు, ఆ ఒక్క మోడల్ నంబరు. రంగు మారితే వేరే వరస, బారెల్ పొడవు మారితే వేరే మోడల్. పూత, పిడి పైన ఉండే పట్టు లాంటి పైపై తేడాలు ఉంటే మళ్ళీ పరీక్ష లేకుండా, ప్రమాణపత్రం ఇచ్చి చేర్చుకోవచ్చు. బారెల్, ఛాంబర్, మ్యాగజైన్ పట్టే భాగం, కాల్చే యంత్రాంగం, వీటి కొలతా పదార్థమూ పనితీరూ మారకూడదు. ఒక్కొక్క మోడల్‌కీ ఏడాదికి 200 డాలర్లు కట్టాలి, కట్టకపోతే తీసేస్తారు.

ఇది ఎంత సూక్ష్మమో ఒక అనుభవం చెబుతాను. మా కంపెనీలో కొనుగోలు విభాగం వాళ్ళు ఒకసారి ఎక్స్‌ట్రాక్టర్ (పేలిన తొడుగుని వెనక్కి లాగే కొక్కెం) సరఫరాదారుని మార్చారు. పాతవాడు పొడి లోహాన్ని అచ్చు పోసి ఇచ్చేవాడు, కొత్తవాడు ఉక్కు కడ్డీ నుంచి మిల్లింగ్ చేసి ఇచ్చాడు. ఇంజనీరింగ్ లెక్కలో అది ఇంకా మంచి భాగం. ధర కూడా తగ్గింది, అందరూ సంతోషించారు. జాబితాలో ఉన్న మోడల్‌లో ఆ భాగం వాడుతున్నామని ఎవరికీ తట్టలేదు. గోదాములో కాలిఫోర్నియాకి వెళ్ళబోయే పెట్టెలు పేర్చి ఉండగా ఒక అసెంబ్లీ కార్మికురాలు నా బల్ల దగ్గరికి వచ్చి, ‘ఈ ముక్క వేరేగా ఉంది, మీకు తెలుసా?’ అని అడిగింది. ఆ రోజు నాకు పట్టిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. పెట్టెలు ఆపాం, విప్పాం, పాత భాగాలు వెతికి తిరిగి వేశాం. ఆమె అడగకపోయి ఉంటే, ఆమోదం లేని పిస్టళ్ళని రాష్ట్రంలోకి పంపిన నేరం మా మీద పడేది. ఆ తర్వాత మా డ్రాయింగుల మీద ఒక గడి పెట్టించాను: ఈ భాగం ఏ రాష్ట్రం జాబితాకి కట్టుబడి ఉందో అందులో రాయాలి, ఆ గడిలో సంతకం లేకుండా కొనుగోలు విభాగం సరఫరాదారుని మార్చకూడదు. మీరు ఇంకా చిన్నగా ఉన్నప్పుడే ఆ గడి పెట్టుకోండి. రాష్ట్ర చట్టాన్ని ప్యాకింగ్ బల్ల దగ్గర చూసుకుందాం అనుకుంటే ఆలస్యమైపోతుంది, దాని చోటు డ్రాయింగు మీదే.

సరుకు పంపేటప్పుడు కూడా ఒక మెట్టు ఉంది. బయటి రాష్ట్రం నుంచి కాలిఫోర్నియా డీలర్‌కి తుపాకీ పంపే ముందు, ఆ డీలర్ లైసెన్స్ సరైనదేనని రాష్ట్ర న్యాయశాఖ దగ్గర ఆన్‌లైన్‌లో సరిచూసి ఒక నంబరు తీసుకోవాలి. ఆ నంబరు కాగితం పెట్టెతో వెళ్ళాలి. మ్యాగజైన్‌లో పట్టే తూటాలు పదికి మించకూడదు. బారెల్ మూతికి మర (స్క్రూలా తిప్పి బిగించే గాట్లు) ఉండకూడదు. మర ఉన్న బారెల్‌తో అక్కడ అది అసాల్ట్ వెపన్ కిందికి పోతుంది.

మసాచుసెట్స్ గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే మొదటి మూడేళ్ళు మీరు అటు చూడకపోవడం మంచిది. అక్కడ రెండు పొరలు ఉన్నాయి. 1998 చట్టం కింద వచ్చిన జాబితా ఒకటి, దానికీ పడేసే, కాల్చే పరీక్షలు ఉన్నాయి. రెండోది అటార్నీ జనరల్ వినియోగదారుల రక్షణ నియమాలు. ఐదేళ్ళ పిల్లవాడు కాల్చలేనంత గట్టి ట్రిగ్గర్ లాంటి ఏర్పాటు, తూటా గుర్తు లేదా మ్యాగజైన్ ఏర్పాటు, చెరపడానికి వీల్లేని సీరియల్ నంబరు ఇవన్నీ అందులో ఉంటాయి. చిక్కేమిటంటే ఈ రెండో పొరకి జాబితా లేదు. ఏది సరిపోతుందో డీలర్ తనంతట తాను తేల్చుకోవాలి. గ్లాక్ మొదటి జాబితాలో ఉండి కూడా అక్కడ మామూలు కొనుగోలుదారుకి కొత్తది దొరకకపోవడం ఇందువల్లే. కొత్త పేరు చూసిన డీలర్ మీకోసం ఆ ప్రమాదం నెత్తిన వేసుకోడు.

మేరీల్యాండ్ ఈ మూడింటిలో సులువు. అక్కడ 1988లో చట్టం చేస్తే, వద్దన్నవాళ్ళు ప్రజాభిప్రాయానికి తీసుకెళ్ళారు. ప్రజలు చట్టాన్నే నిలబెట్టారు. దాన్నుంచి వచ్చిన హ్యాండ్‌గన్ రోస్టర్ బోర్డు 600 తూటాలు కాల్పించదు. దాచుకోవడానికి ఎంత అనువు, బరువు, పదార్థం నాణ్యత, తయారీ నాణ్యత, భద్రత, క్యాలిబర్, మెటల్ డిటెక్టర్‌కి చిక్కడం, ఆత్మరక్షణకో క్రీడకో పోలీసుకో పనికిరావడం లాంటివి చూసి తేలుస్తుంది. తయారీదారే కాదు, ఎవరైనా దరఖాస్తు పెట్టొచ్చు. 2002 తర్వాత తయారైన పిస్టల్‌కి లోపలే బిగించిన తాళం లాంటి భద్రతా పరికరం ఉండాలి, అది చూసుకోండి. నేనైతే మొదట అరిజోనా, టెక్సస్‌లలో ఒక ఏడాది అమ్మి, వచ్చిన ఫిర్యాదులు సరిదిద్దుకుని, తర్వాత మేరీల్యాండ్, ఆ తర్వాత కాలిఫోర్నియా వెళతాను. కాలిఫోర్నియా ల్యాబ్‌కి వెళ్ళాక డిజైన్ మార్చుకునే స్వేచ్ఛ పోతుంది కాబట్టి ఆ మార్పులన్నీ ముందే అయిపోవాలి.

కొనేవాళ్ళ వైపు కూడా అడిగారు. మీ బావమరిదికి గ్రీన్ కార్డు వచ్చింది అనుకుందాం. అయినా మీరు అరిజోనాలో చేతిలో పెట్టి పంపలేరు. చేతి తుపాకీని సొంత రాష్ట్రంలోని డీలర్ దగ్గరే తీసుకోవాలన్నది ఫెడరల్ నియమం. మీరు కాలిఫోర్నియా డీలర్‌కి పంపాలి, మోడల్ జాబితాలో లేకపోతే ఆ డీలర్ ఇవ్వలేడు. కుటుంబంలో ఇచ్చుకునేదానికి మినహాయింపు ఉంది కదా అని అడుగుతారు. అది తల్లిదండ్రులు, పిల్లలు, తాతామనవలు, భార్యాభర్తల వరకే. బావమరిదీ రాడు, సొంత అన్నదమ్ములూ రారు. జాబితాలో లేని పిస్టల్‌ని ఇద్దరు కాలిఫోర్నియావాసులు డీలర్ ఎదుట ఒకరికొకరు అమ్ముకోవచ్చు. అందుకే అక్కడ అలాంటి పాత పిస్టళ్ళకి కొత్తదానికన్నా ఎక్కువ ధర పలుకుతుంది. మీరు అరిజోనావాసి కాబట్టి అదీ మీకు కుదరదు.

జాబితాలో ఉన్నది కొనాలంటే ముందు 30 ప్రశ్నల రాతపరీక్ష, 23 సరిగ్గా రాయాలి. 25 డాలర్లు కట్టి తీసుకున్న ఆ సర్టిఫికెట్ ఐదేళ్ళు చెల్లుతుంది. 21 ఏళ్ళు నిండాలి. చిరునామాకి కరెంటు బిల్లో అద్దె ఒప్పందమో వెహికల్ రిజిస్ట్రేషనో చూపాలి, సెల్‌ఫోన్ బిల్లు పనికిరాదు. డ్రైవింగ్ లైసెన్స్ మీద ఫెడరల్ పరిమితులు వర్తిస్తాయని రాసి ఉంటే, మనవాళ్ళలో చాలామందికి అలాగే ఉంటుంది, గ్రీన్ కార్డు లాంటి అదనపు రుజువు తీసుకెళ్ళాలి. గ్రీన్ కార్డు మీది నంబరు ఫారంలో రాయాలి. రాష్ట్రానికి 37.19 డాలర్ల ఫీజు, ఆ తర్వాత పూర్తిగా పది రోజుల నిరీక్షణ. తీసుకునేటప్పుడు డీలర్ ఎదుట తూటా నింపి తీసి, భద్రంగా పట్టుకోవడం చేసి చూపించాలి. ఆమోదించిన తాళమో సేఫో ఉండాలి. 2024 జూలై 1 నుంచి డీలర్ మీద 11 శాతం రాష్ట్ర పన్ను కూడా ఉంది, అది ధరలో కలిసే వస్తుంది.

డాలస్ నుంచి బే ఏరియాకి ఉద్యోగం మారి వెళ్ళే మనవాళ్ళు ఈ మధ్య ఎక్కువ, వాళ్ళకీ ఒక మాట. అప్పటికే సొంతంగా ఉన్న పిస్టల్ జాబితాలో లేకపోయినా తెచ్చుకోవచ్చు, 60 రోజుల్లోపు రాష్ట్రానికి తెలియజేయాలి. పదికి మించిన మ్యాగజైన్లు, మర ఉన్న బారెల్ మాత్రం టెక్సస్‌లోనే వదిలి రావాలి. ఇంట్లో ఒకరికి గ్రీన్ కార్డు ఉండి ఇంకొకరు హెచ్‌4 మీద ఉంటే, పెట్టె తాళం కోడ్ ఆ రెండోవాళ్ళకి చెప్పకండి. కోడ్ తెలిసి ఉండటాన్ని కూడా దగ్గర ఉంచుకోవడంగా వాదించే వీలుంది.

చివరగా మీ ధర లెక్క. మీరు పంపిన ఖర్చుల పట్టికలో ఫెడరల్ ఎక్సైజ్ పన్ను లేదు. చేతి తుపాకీ మీద తయారీదారు అమ్మకపు ధరలో అది 10 శాతం. ఏడాదికి 50 కన్నా తక్కువ తయారుచేసేవాళ్ళకి అది లేదు, అందుకే బహుశా మీ అకౌంటెంట్ వదిలేసి ఉంటారు. కానీ ఆ మినహాయింపు మొదటి 49 పిస్టళ్ళకి కాదు, ఆ సంవత్సరం మొత్తానికి. 50వది తయారైతే జనవరిలో అమ్మిన మొదటిదానికి కూడా పన్ను కట్టాలి. మీరు ఈ ఏడాది 60 చేద్దామని రాశారు కాబట్టి, మొదటి పిస్టల్ ధరలోనే ఆ 10 శాతం వేసుకోండి. లేదంటే ఈ ఏడాదికి 49 దగ్గర ఆగి మిగతావి జనవరికి వాయిదా వేయండి.